రీలు నేర్పిన ఓర్పు

మా ఇంట్లో బీరువా పై అరలో ఒక పాత బిస్కెట్ల రేకు డబ్బా ఉంది. అందులో నగలు లేవు, దస్తావేజులు లేవు. పలుచని కాగితపు తొడుగుల్లో భద్రపరచిన నెగెటివ్‌లు ఉన్నాయి. వాటిలో ఒకటి మా అబ్బాజాన్‌ది. 1983లో హజ్ యాత్రకు దరఖాస్తు పెట్టుకొన్నప్పుడు తీయించుకొన్నది. ఆయన తన జీవితంలో కెమెరా ముందు కూర్చున్నది ఆ ఒక్కసారే.

ఫోటోల విషయంలో అబ్బాజాన్ చాలా జాగ్రత్తపరులు. ప్రాణుల చిత్రాల గురించి ధర్మవేత్తల మధ్య ఉన్న అభిప్రాయభేదాలు పాఠకులకు తెలియనివి కావు. కెమెరాలో పడే ప్రతిబింబం చేతితో గీసిన బొమ్మ వంటిదేనని కొందరు అంటే, అద్దంలో కనిపించే నీడను నిలిపి ఉంచడం మాత్రమేనని మరికొందరు అన్నారు. అబ్బాజాన్ ఆ చర్చలోకి దిగేవారు కాదు. అవసరం ఉన్నంత మేరకే, అంతకు మించి వద్దు అన్నది ఆయన పద్ధతి. గోడలకు మనుషుల ఫోటోలు వేలాడదీయడం ఆయనకు సమ్మతం కాదు. నేటికీ మా ఇంట్లో ఆ నియమమే కొనసాగుతున్నది.

ఆ రోజుల్లో నేను కర్నూలులో డిగ్రీ చదువుకొంటూ, సాయంత్రాలు ఒక ఫోటో స్టూడియోలో సహాయకునిగా పని చేసేవాణ్ణి. యజమానిని అందరమూ ఉస్తాద్ అని పిలిచేవాళ్ళం. అబ్బాజాన్ స్టూడియోకు వచ్చి, కుర్చీలో కూర్చుంటూనే, "ఒక్కటే తీయండి, భాయ్" అన్నారు. ఉస్తాద్ వెంటనే తీయలేదు. దీపాలు సరిచేస్తూ ఓడ ప్రయాణం గురించి అడిగారు. బొంబాయి నుంచి జిద్దా వరకు ఎన్ని రోజులు పడుతుంది, వెంట ఎవరెవరు వస్తున్నారు అంటూ మాట్లాడుతూనే ఉన్నారు. కా'బా గృహం ప్రస్తావన వచ్చినప్పుడు అబ్బాజాన్ ముఖంలో ఒక ప్రశాంతత పరచుకొంది. అప్పుడు షట్టర్ సన్నగా చప్పుడు చేసింది. "అయిపోయింది, హాజీ సాబ్" అన్నారు ఉస్తాద్. రెండవది తీయలేదు. రెండవది తీయవలసిన అవసరమూ రాలేదు.

ఆ రాత్రి నేను అడిగాను: "ఒకవేళ అది చెడిపోయి ఉంటే?" ఆయన నవ్వి, "చెడిపోతుందనే భయంతో నాలుగు తీసేవాడు ఒక్కదాన్ని కూడా సరిగా చూడడు. ముందు చూడు, తరువాత నిలకడగా నిలబడు, ఆ తరువాతే నొక్కు" అన్నారు. నలభై ఏళ్ళ తరువాత మా మనవడికీ, మనవరాలికీ నేను నేర్పదలచినది ఈ మూడు మాటలే. అయితే వాటిని నేర్పే క్రమంలో నేనే ఒక పాఠం నేర్చుకోవలసి వచ్చింది.

చీకటి గది

2019 డిసెంబరు 26న ఉదయం సూర్యగ్రహణం పట్టింది. మా ప్రాంతంలో పాక్షికంగా కనిపించింది. మస్జిదులో గ్రహణ నమాజు ముగించుకొని వచ్చి, పిల్లలిద్దరినీ వేప చెట్టు కిందికి తీసుకువెళ్ళాను. మనవడికి అప్పుడు పదేళ్ళు, మనవరాలికి ఎనిమిదేళ్ళు. సూర్యుని వైపు చూడవద్దని హెచ్చరించి, నేలను చూడమన్నాను. ఆకుల సందుల్లోంచి పడిన వెలుగు చుక్కలన్నీ నెలవంకలుగా మారిపోయాయి. వందలాది చిన్న చిన్న నెలవంకలు వాకిలి అంతా పరచుకొన్నాయి. పిల్లలు వాటిని తమ అరచేతుల్లో పట్టుకొని మురిసిపోయారు.

ఆనాడు వాళ్ళకు ఇబ్నుల్ హైసమ్ కథ చెప్పాను. ఆయన సుమారు 965లో బస్రాలో జన్మించి, సుమారు 1040లో కైరోలో మరణించిన గొప్ప శాస్త్రవేత్త. కంటి నుంచి కిరణాలు బయలుదేరి వస్తువులను తాకడం వల్లనే మనం చూడగలుగుతున్నామన్న పాత భావనను ఆయన తోసిపుచ్చారు. వెలుగే వస్తువుల నుంచి కంటిలోకి వస్తుందని 'కితాబుల్ మనాజిర్' అనే గ్రంథంలో నిరూపించారు. గ్రహణ సమయంలో చిన్న రంధ్రం గుండా వచ్చిన వెలుగు ఎందుకు నెలవంక ఆకారం దాల్చుతుందో ప్రత్యేకంగా ఒక రచనే చేశారు. 2015ను ఐక్యరాజ్య సమితి అంతర్జాతీయ కాంతి సంవత్సరంగా జరుపుకొన్నప్పుడు, ఆ గ్రంథానికి వెయ్యేళ్ళు నిండిన సందర్భాన్ని కూడా ప్రపంచం స్మరించుకొంది.

తరువాత కొన్నేళ్ళకు, 2023 వేసవి సెలవుల్లో, మనవడు తనంత తానే వచ్చి, "నానా, మీ పాత కెమెరా నాకు నేర్పుతారా?" అని అడిగాడు. ఈద్ రోజున వాడు తన ఫోనులో నాలుగు వందలకు పైగా ఫోటోలు తీశాడు. "వీటిలో నీకు నచ్చిన ఒక్కటి చూపించు బేటా" అన్నాను. వాడు చాలాసేపు వేలితో జరుపుతూ పోయాడు. ఒకే దృశ్యం పదిసార్లు, పదిహేనుసార్లు. చివరికి ఫోను పక్కన పెట్టేశాడు. బహుశా ఆ అసంతృప్తే వాణ్ణి నా దగ్గరకు నడిపించి ఉంటుంది. అన్న వెనుకనే చెల్లెలూ వచ్చింది.

మొదటి రోజున కెమెరా ఇవ్వలేదు. వీధి వైపు గదిలో కిటికీలన్నీ మూసి, సందుల్లో గుడ్డలు కుక్కి, ఒక కిటికీకి నల్లని అట్ట బిగించి, అందులో చిన్న రంధ్రం చేశాను. కళ్ళు చీకటికి అలవాటు పడేదాకా కదలకుండా కూర్చోమన్నాను. పది నిమిషాల తరువాత ఎదుటి గోడ మీద మా మస్జిదు మినారు తలకిందులుగా మెల్లగా తేలింది. వీధిలో సైకిలు మీద పోతున్న మనిషి కూడా తలకిందులుగా పోతున్నాడు. "నానా, మనం కెమెరా లోపల కూర్చున్నామా?" అని అడిగింది మనవరాలు. అవును, కెమెరా అంటే చీకటి గదే. పైసా ఖర్చు లేకుండా నేర్చుకొన్న మొదటి పాఠం అది. ఓపికతో కూర్చోలేనివారికి ఆ గోడ మీద ఏమీ కనిపించదు.

ఖాళీ కెమెరా

నా దగ్గర ఉన్నది పెంటాక్స్ కె1000. బ్యాటరీ లేకపోయినా పని చేసే యంత్రం. వెలుగును కొలిచే ముల్లు ఎప్పుడో ఆగిపోయింది. దానిని బాగుచేయించకపోవడమే మేలైంది. వెలుగును కంటితో కొలవడం పిల్లలు నేర్చుకొన్నారు.

ఆ లెక్క చాలా సులువు. రీలు వేగం 100 అయితే, షట్టర్‌ను దానికి దగ్గరగా ఉన్న 125 మీద, అంటే సెకనులో 125వ వంతు మీద ఉంచాలి. నీడలు స్పష్టంగా పడే ఎండలో అపెర్చర్ 16 పెట్టాలి. పలుచని మబ్బు ఉంటే 11, నీడలు పడనంత మబ్బు ఉంటే 8, దట్టంగా కమ్ముకొంటే 5.6. నలుపు తెలుపు రీలు విషయంలో మరొక మాట గుర్తుంచుకోవాలి. వెలుగు కాస్త ఎక్కువైనా అది ఓర్చుకొంటుంది. తక్కువైతే నీడల్లోని వివరాలు శాశ్వతంగా పోతాయి. కనుక అనుమానం వచ్చినప్పుడు ఒక మెట్టు ఎక్కువ వెలుగే ఇవ్వాలి.

15 రోజుల పాటు పిల్లలు రీలు లేని కెమెరాతోనే తిరిగారు. చేతిలో ఒక నోటు పుస్తకం. ప్రతి 'చిత్రానికీ' సంఖ్య, సమయం, అపెర్చర్, షట్టర్ వేగం రాయాలి. చివరి గడిలో 'ఎందుకు?' అని ఉంటుంది. ఈ చిత్రం ఎందుకు తీయదలచావో ఒక్క వాక్యంలో రాయాలి. రాయలేకపోతే నొక్కకూడదు. మొదటి రోజున మనవడి పుస్తకంలో 42 చిత్రాలు నమోదయ్యాయి. వాటిలో 30 గడులకు 'బాగుంది' అనే ఒకే కారణం. 15వ రోజు వచ్చేసరికి రోజుకు మూడు, నాలుగు మాత్రమే మిగిలాయి. నేను తగ్గించమని చెప్పలేదు. కారణం రాయవలసి రావడమే వాణ్ణి తగ్గించింది.

ఒక ఉదయం ఫజ్ర్ నమాజు తరువాత ముగ్గురమూ హంద్రీ ఒడ్డున ఉన్న అబ్దుల్ వహ్హాబ్ ఖాన్ సమాధి భవనానికి వెళ్ళాం. ఊళ్ళో దానిని గోల్ గుమ్మజ్ అంటారు. మేము వెళ్ళేసరికి వెలుగు చప్పగా ఉంది. మనవడు వెంటనే కెమెరా ఎత్తాడు. ఆగమన్నాను. అరగంటలో ఎండ ఏటవాలుగా కమానుల మీద పడి, రాతి మీది చెక్కడపు పని ఒక్కొక్కటిగా పైకి లేచింది. ఇంకొక గంట ఆగితే మళ్ళీ అంతా చదునైపోయింది. భవనం కదలలేదు, మేము కదలలేదు. కదిలింది వెలుగు మాత్రమే. దాని కోసం వేచి ఉండడం ఏమిటో వాడికి ఆ రోజు అర్థమైంది.

పొదుపు అంటే పిసినారితనం కాదు

నేడు రీలు ధర తక్కువేమీ కాదు. మా ఉస్తాద్ కాలంలో ఊటీలోని హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వారి 'ఇందు' రీళ్ళు దొరికేవి. ఆయన 100 అడుగుల పెద్ద చుట్ట కొని, చీకట్లో పాత డబ్బీల్లోకి తానే చుట్టుకొనేవారు. ఒక చుట్ట నుంచి 36 చిత్రాల రీళ్ళు సుమారు 18 వచ్చేవి. నేనూ ఆ పద్ధతినే పాటిస్తున్నాను. పాడైన ఒక రీలును పిల్లలకిచ్చి, కళ్ళు మూసుకొని చక్రంలోకి ఎక్కించడం అలవాటు చేయించాను. వారం రోజుల తరువాత గానీ అసలు రీలును ముట్టుకోనివ్వలేదు.

రీలు కడగడం కూడా ఇంట్లోనే. లీటరు నీటిలో మెటోల్ 2 గ్రాములు, సోడియం సల్ఫైట్ 100 గ్రాములు, హైడ్రోక్వినోన్ 5 గ్రాములు, బోరాక్స్ 2 గ్రాములు కలిపితే డీ-76 అనే డెవలపర్ తయారవుతుంది. రసాయనాలు నేనే తూచి కలుపుతాను. పిల్లలు చేతులకు తొడుగులు వేసుకోవాలి, కిటికీలు తెరిచి ఉంచాలి, వంటింటి పాత్ర ఏదీ ఈ పనికి వాడకూడదు. ద్రవం 20 డిగ్రీల వద్ద ఉండాలి. కర్నూలు వేసవిలో అది సాధ్యం కాదు గనుక, వెడల్పాటి పళ్ళెంలో మంచు నీళ్ళు పోసి సీసాను అందులో నిలబెడతాం. వాడిన హైపోను కాలువలో పారబోయం. అందులో వెండి కరిగి ఉంటుంది. ఉస్తాద్ దాన్ని జాడీల్లో నిలువ చేసి, వెండి తీసేవారికి అమ్మేవారు.

నీటి విషయం ప్రత్యేకంగా చెప్పాలి. చివరిగా రీలును కడగడానికి చాలామంది అరగంట సేపు కొళాయి విప్పి వదిలేస్తారు. మా సీమలో నీటి విలువ ఎవరికి తెలియదు? ఇల్ఫోర్డ్ సంస్థ వారు ప్రచారం చేసిన ఒక పద్ధతి ఉంది. డబ్బాను నీటితో నింపి 5 సార్లు తలకిందులు చేసి పారబోయాలి. మళ్ళీ నింపి 10 సార్లు, మూడవసారి నింపి 20 సార్లు. మూడు డబ్బాల నీటితో పని పూర్తవుతుంది. ఇది చేసి చూపిస్తున్నప్పుడు మనవరాలికి దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) వుజూ గురించి చెప్పాను. ఆయన ఒక ముద్, అంటే ఇంచుమించు రెండు చేతుల దోసిలి నిండా పట్టే నీటితో వుజూ పూర్తి చేసేవారని హదీసుల ద్వారా మనకు తెలుస్తుంది. అంత తక్కువ నీటితో చేసినా ఆ వుజూలో ఏ లోపమూ ఉండేది కాదు. పొదుపు అంటే పనిని తగ్గించుకోవడం కాదు. ఉన్నదానితో పనిని సంపూర్ణంగా చేయడం.

తెరుచుకొన్న మూత

పిల్లలు తొలి రీలు పూర్తి చేస్తున్న రోజుల్లో మా చెల్లెలు హైదరాబాదు నుంచి వచ్చి వారం రోజులు మా ఇంట్లో ఉంది. ఆమె కూడా ఫోటోలకు దూరంగా ఉండే మనిషి. నేను పిల్లలకు ఒక కఠిన నియమం పెట్టాను. ఎవరి చిత్రమైనా వారి అనుమతి లేకుండా తీయకూడదు. ఇంట్లోని స్త్రీల చిత్రాలు ఇల్లు దాటకూడదు. జనాజా వద్ద, ఆసుపత్రిలో, బాధలో ఉన్న మనిషి ఎదుట కెమెరా బయటికే రాకూడదు. మనవరాలు రెండు రోజులు ఆమె చుట్టూ తిరిగి, మూడవ రోజు వినయంగా అడిగింది. చెల్లెలు కాసేపు ఆలోచించి సరేనంది. కిటికీ పక్కన కూర్చుని తస్బీహ్ చదువుకొంటుండగా, 28వ, 29వ చిత్రాలుగా రెండు తీసింది. నోటు పుస్తకంలో 'ఎందుకు?' అన్న గడిలో, 'దాదీ కళ్ళు మూసుకొన్నప్పుడు నానాలా కనిపిస్తుంది' అని రాసుకొంది.

చెల్లెలు వెళ్ళిపోయిన మరునాడు మధ్యాహ్నం మనవరాలు నా గదిలోకి వచ్చి తల దించుకొని నిలబడింది. "నానా, నేను కెమెరా మూత తెరిచాను. అన్న రీలు వెనక్కి చుట్టేశాడనుకొన్నాను. వెంటనే మూసేశాను. తప్పయిపోయింది, నన్ను క్షమించండి" అంది.

నాకు పట్టరాని కోపం వచ్చింది. వెలుగు తగిలిన రీలు ఏమవుతుందో వందసార్లు చెప్పానని, ఇంత నిర్లక్ష్యం ఉన్నవాళ్ళు కెమెరా ముట్టుకోకూడదని గట్టిగా అరిచాను. ఇంకా కొన్ని మాటలు అన్నాను. వాటిని ఇక్కడ రాయడానికి మనసు ఒప్పడం లేదు. పిల్ల ఏడుస్తూ వెళ్ళిపోయింది.

అస్ర్ నమాజు అయ్యాక నా శ్రీమతి టీ తెచ్చి, పక్కన కూర్చుంది. "రెండు నెలలుగా పిల్లలకు ఓర్పు నేర్పుతున్నానంటున్నారు. మీరు నేర్చుకొన్నది ఇదేనా?" అంది. నేను మాట్లాడలేదు. ఆమె లేస్తూ, "అది దాచి ఉంటే మీకు తెలిసేదే కాదు. రీలు కడగడంలో పాడైందని అనుకొనేవారు. తనంత తాను వచ్చి నిజం చెప్పింది కదా" అంది.

ఆమెకు తెలియకుండానే ఆ మాట నాలో ముప్పై ఎనిమిదేళ్ళ నాటి గాయాన్ని తాకింది.

1985లో చెల్లెలి నికాహ్. ఉస్తాద్ దగ్గర ఒక ఆగ్ఫా క్లిక్ కెమెరా అరువు తీసుకొన్నాను. దాని రీలుకు 12 చిత్రాలే. నా చేతికి మొదటిసారి కెమెరా వచ్చిన ఉత్సాహంలో షామియానాను, దేగ్‌లను, మిత్రులను, పెళ్ళికొడుకు వచ్చిన కారును తీశాను. సంధ్యవేళకు 12 అయిపోయాయి. విదాయీకి ముందు అమ్మీ నన్ను లోపలి గదిలోకి పిలిచింది. ఎన్నడూ ఏదీ అడగని మనిషి. "బేటా, నీ చెల్లెలితో నాది ఒక్కటి తీయి. నా దగ్గర ఉంచుకొంటాను" అంది. రీలు అయిపోయిందని చెప్పడానికి నాకు నోరు రాలేదు. కెమెరా ఎత్తి, సరిచేస్తున్నట్లు నటించి, ఖాళీ షట్టర్ నొక్కాను.

తరువాత రెండు వారాల పాటు అమ్మీ ఆ ఫోటో గురించి అడుగుతూనే ఉంది. చివరికి, కడగడంలో పాడైపోయిందని అబద్ధం చెప్పాను. "ఫరవాలేదు, అల్లాహ్ మర్జీ" అంది. నా తప్పును ఆ తల్లి అల్లాహ్ నిర్ణయంగా స్వీకరించింది. మరుసటి ఏడాది ఆమె ఈ లోకం విడిచి వెళ్ళింది. ఆమె చిత్రం ఒక్కటి కూడా లేదు. చిత్రం లేకపోవడం కంటే నన్ను ఎక్కువగా కాల్చినది ఆ అబద్ధం. తౌబా చేసుకొన్నాను. కానీ ఎవరికీ చెప్పుకోలేదు.

ఆ సాయంత్రం మనవరాలి గదికి వెళ్ళి, ముందుగా క్షమించమని అడిగాను. తరువాత ఇద్దరినీ కూర్చోబెట్టి ఈ సంగతి అంతా చెప్పాను. "బేటీ, నువ్వు ఇవాళ చేసిన పని, ఆ వయసు దాటిన తరువాత కూడా నేను చేయలేకపోయాను" అన్నాను. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ తరువాత మనవడు మెల్లగా, "నానా, రీలు మొత్తం పోదు కదా? లోపలి చుట్లలో ఉన్నవి మిగలవచ్చు కదా?" అన్నాడు. వాడు విన్న పాఠం వాడికి గుర్తుంది. కోపంలో నేనే మరచిపోయాను. తీసిన చిత్రాలు ఒకదానిపై ఒకటి చుట్టుకొంటాయి గనుక, మొదట తీసినవి లోపల ఉంటాయి. మూత తెరిచినప్పుడు పై చుట్లు నాశనమైనా లోపలివి బ్రతికే అవకాశం ఉంది.

ఆ రాత్రే కడిగాం. రీలులో అధిక భాగం నల్లగా మాడిపోయింది. మొదటి 7 చిత్రాలు మాత్రం అంచుల్లో కాస్త నల్లబడి మిగిలాయి. గుమ్మజ్ కమానులు వాటిలో ఉన్నాయి. చెల్లెలి చిత్రాలు రెండూ పోయాయి.

మరునాడు చెల్లెలికి ఫోను చేశాను. మనవరాలి చిత్రాల సంగతి చెప్పాను, ఆ తరువాత 1985 నాటి నిజం కూడా చెప్పాను. ఆమె కూడా ఇన్నేళ్ళూ ఆ ఫోటో కడగడంలో పాడైందనే నమ్మింది. అటువైపు నుంచి కాసేపు ఏ శబ్దమూ రాలేదు. తరువాత అంది: "భాయ్‌జాన్, మీరు కెమెరా సరిచేస్తున్నంత సేపూ అమ్మీ నా చేయి పట్టుకొని నిలబడింది. ఆ రోజంతా పనుల్లో పడి నా దగ్గర నిలబడింది ఆ కాసేపే. అది నాకు గుర్తుంది. ఇక దాని గురించి బాధపడకండి."

నీళ్ళలో మిగిలినది

మా రేకు డబ్బా గురించి మిగిలిన మాట కూడా చెప్పాలి. 2009 అక్టోబరు మొదట్లో కర్నూలును ముంచెత్తిన వరదను ఈ ఊరివారెవరూ మరువలేరు. మా ఇంట్లోకీ నీళ్ళు వచ్చాయి. తిరిగి వచ్చి చూస్తే కంప్యూటరు బురదలో ఉంది. అందులోని వేలాది ఫోటోలకు మరొక ప్రతి ఎక్కడా లేదు. ఆల్బముల్లోని కాగితపు ఫోటోలు ఒకదానికొకటి అతుక్కొని ముద్దయ్యాయి. రేకు డబ్బా నిండా బురద నీరు.

ఉస్తాద్ ఒకప్పుడు చెప్పిన మాట గుర్తుకువచ్చింది. తడిసిన నెగెటివ్‌లను అతుక్కొన్న స్థితిలో ఆరనివ్వకూడదు. ఆరితే పై పొర ఊడిపోతుంది. వాటిని శుభ్రమైన చల్లని నీటిలోనే ఉంచి, మెల్లగా విడదీసి, కడిగి, ఎండ తగలని చోట తీగకు వేలాడదీయాలి. వేడి చూపకూడదు, గుడ్డతో తుడవకూడదు. ఆ రోజుల్లో తాగే నీరే కరువు. మా వాటాకు వచ్చిన దానిలో కొంత మిగుల్చుకొంటూ, గిన్నెడు నీటిలో ఒక్కొక్కటిగా రెండు రోజులు కడిగాను. కొన్ని పోయాయి, ఎక్కువ భాగం దక్కాయి. అబ్బాజాన్ నెగెటివ్ ఒక మూలన మరకతో మిగిలింది. ఉస్తాద్ ఓపికగా తీసిన ఆ ఒక్క చిత్రమే నేడు మాకు ఆధారం. రెండవది లేదు, అవసరమూ లేదు.

అలాగని ఫోనులో తీసేవన్నీ వ్యర్థమని నేను అనను. సాధనం ఏదైనా అలవాటు మన చేతిలోనే ఉంది. ఇంట్లో పిల్లలకు ఒక చిన్న నియమం పెట్టి చూడండి. నెలకు 36 చిత్రాలే, అంతకు మించి కాదు. నొక్కేముందు కారణం చెప్పాలి. మనిషి చిత్రమైతే అనుమతి అడగాలి, వద్దంటే గౌరవించాలి. నెలాఖరున అందరూ కూర్చుని, ఉంచదగినవి ఉంచి మిగిలినవి తుడిచివేయాలి. ఉంచిన వాటిని రెండు వేర్వేరు చోట్ల భద్రపరచాలి. దుబారాను దివ్య ఖుర్ఆన్ ఎంత తీవ్రంగా ఖండించిందో మనకు తెలుసు. ధనాన్ని, నీటినే కాదు, చూపును, సమయాన్ని దుబారా చేయడం కూడా దుబారాయే. అన్నిటికీ మించి, పిల్లలు తప్పు చేసి వచ్చి నిజం చెప్పినప్పుడు, ఆ నిజాన్ని శిక్షించకుండా ఉండగల ఓర్పును పెద్దలమైన మనం నేర్చుకోవాలి. రీలు పోతే మరొకటి కొనుక్కోవచ్చు. నిజం చెప్పే అలవాటు పోతే దాన్ని ఏ దుకాణంలో కొంటాం?

ఇప్పుడు మా వీధిలోని మరొక కుర్రవాడు మనవడి దగ్గర నేర్చుకోవడానికి వస్తున్నాడు. మొన్న నేను వరండాలో కూర్చుని ఉండగా, లోపలి నుంచి మనవరాలి గొంతు వినిపించింది: "ముందుగా రీలు వెనక్కి చుట్టావో లేదో చూసుకో. ఆ తరువాతే మూత. ఒకవేళ పొరపాటున తెరిచావనుకో, దాచకు. వెంటనే చెప్పు, లోపలి చుట్లు మిగులుతాయి."

మా తల్లిదండ్రులను, మా ఉస్తాద్‌ను అల్లాహ్ తన కారుణ్యంతో కప్పుగాక! మా పొరపాట్లను మన్నించి, మా పిల్లలకు సహనాన్నీ, సత్యసంధతనూ ప్రసాదించుగాక! ఆమీన్.